1641లోనే గొడవ తీరింది కదా, మరి 1642లో యుద్ధం ఎందుకొచ్చింది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో మొదటి చార్లెస్ రాజుకీ పార్లమెంటుకీ జరిగిన అంతర్యుద్ధానికి అసలు కారణం పన్నులా, మతమా? గ్రూప్స్‌కి చదువుతున్నానని, ఒక పుస్తకంలో పన్నులని, ఇంకో పుస్తకంలో మతమని ఉందని, రెండూ అరపేజీలో ముగించేశాయని రాశారు. చివర్లో, పార్లమెంటు వైపు సేనాని క్రామ్‌వెల్‌ని ప్రజాస్వామ్యం కోసం పోరాడిన వీరుడు అనొచ్చా అని కూడా అడిగారు.

నేను డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లకు పైగా చరిత్ర చెప్పి రిటైరయ్యాను. మొదట్లో నేను కూడా ఈ పాఠాన్ని రాజకీయ కారణాలు, ఆర్థిక కారణాలు, మత కారణాలు అని బోర్డు మీద మూడు ముక్కలు చేసి నోట్స్ చెప్పేవాణ్ణి. ఒక ఏడు సెకండియర్ క్లాసులో వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచి, "సార్, ఓడ పన్ను రద్దు, రాజు ప్రత్యేక కోర్టుల రద్దు, మూడేళ్లకోసారి పార్లమెంటు, ఇవన్నీ 1641లోనే వచ్చేశాయి. రాజే ఒప్పుకున్నాడు. మరి 1642లో యుద్ధం దేనికి?" అని అడిగింది. ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. ఆ తర్వాత ఈ విషయం మీద నేను చదివిందంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. మీకూ అక్కణ్ణుంచే చెబుతాను.

ముందు ఒక అపోహ తీసేయాలి. పార్లమెంటు అనగానే మనకి ఎప్పుడూ పనిచేస్తూ ఉండే ఒక సంస్థ గుర్తొస్తుంది. అప్పటి పార్లమెంటు అలాంటిది కాదు. రాజు పిలిస్తే వచ్చేది, పొమ్మంటే పోయేది. రాజు తన సొంత భూముల ఆదాయంతో, సుంకాలతో పాలన నడుపుకోవాలి. యుద్ధంలాంటి పెద్ద ఖర్చు వచ్చినప్పుడు మాత్రం సభని పిలిచి పన్ను అడగాలి. సభ్యులు పన్నుకి ఒప్పుకునే ముందు తమ ఫిర్యాదులు చెప్పుకుంటారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం మీదే ఆ దేశం వందల ఏళ్లు నడిచింది. రాజుకి అక్కడ నిలకడైన సైన్యం లేదు, జీతాలిచ్చే పోలీసులు లేరు. ఊళ్లో పన్ను వసూలు చేసేదీ, న్యాయం చెప్పేదీ, సిపాయిల్ని పోగు చేసేదీ అక్కడి భూస్వాములే, అదీ జీతం లేకుండా. వాళ్లు మనసు పెట్టి చెయ్యకపోతే రాజాజ్ఞ కాగితం మీదే ఉండిపోతుంది.

చార్లెస్ 1625లో గద్దెనెక్కాడు. ఆయన మొదటి సంతానం కాదు. అన్న హెన్రీ 1612లో చనిపోవడంతో వారసుడయ్యాడు. మాటలో నత్తి ఉండేది, మనుషులతో కలివిడి తక్కువ. భార్య హెన్రియెట్టా మరియా ఫ్రాన్స్ రాజకుమారి, క్యాథలిక్; ఇంగ్లండేమో ప్రొటెస్టంట్ దేశం. అంతకుముందు రాజులకి ఎగుమతి దిగుమతి సుంకాలు జీవితాంతం వసూలు చేసుకునే హక్కు మొదటి పార్లమెంటులోనే ఇచ్చేవారు. చార్లెస్‌కి పార్లమెంటులో దిగువ సభ అయిన కామన్స్ సభ ఒక్క ఏడాదికే ఇస్తామంది. ఆయన హక్కు లేకుండానే వసూలు చేసుకుంటూ పోయాడు. 1626లో బలవంతపు అప్పు మొదలుపెట్టి, ఇవ్వనన్న పెద్దమనుషుల్ని కారణం చూపకుండా జైల్లో వేశాడు. దాని ఫలితమే 1628 నాటి హక్కుల విన్నపం: పార్లమెంటు ఒప్పుకోకుండా పన్ను వెయ్యకూడదు, కారణం చెప్పకుండా ఎవర్నీ నిర్బంధించకూడదు, ఇళ్లలో సిపాయిల్ని దించకూడదు, శాంతికాలంలో సైనిక చట్టం పెట్టకూడదు. రాజు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న తర్వాత కూడా సుంకాలు వసూలు చేస్తూనే ఉన్నాడు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

1629 మార్చి 2న సభని వాయిదా వెయ్యమని రాజు కబురు పెట్టాడు. స్పీకర్ జాన్ ఫించ్ కుర్చీలోంచి లేవబోతుంటే డెంజిల్ హోల్స్, బెంజమిన్ వాలెంటైన్ అనే ఇద్దరు సభ్యులు ఆయన్ని కుర్చీలో అదిమిపెట్టి పట్టుకున్నారు. స్పీకర్ లేస్తే సభ ముగిసినట్టే. ఆయన కన్నీళ్లు పెట్టుకుంటూ కూర్చుంటే వీళ్లు తలుపు లోపలినుంచి గడియ పెట్టించి తమ తీర్మానాలు చదివించారు. ఆ తర్వాత 11 ఏళ్లు చార్లెస్ పార్లమెంటుని పిలవలేదు.

ఆ 11 ఏళ్లలోదే మీ పుస్తకంలో ఉన్న ఓడ పన్ను. యుద్ధ భయం ఉన్నప్పుడు సముద్ర తీరపు ఊళ్లు ఓడలు గానీ, వాటికి సరిపడా డబ్బు గానీ ఇవ్వాలన్నది పాత ఆనవాయితీ. 1634లో తీరానికి వేశారు, 1635లో సముద్రం మొహం చూడని లోపలి జిల్లాలకీ వేశారు. బకింగ్‌హామ్‌షైర్‌లో జాన్ హాంప్‌డెన్ అనే ధనిక భూస్వామి తన ఒక భూమి మీద పడిన 20 షిల్లింగుల పన్ను కట్టనన్నాడు. ఇరవై షిల్లింగులంటే ఒక్క పౌను. ఆయనకి అదొక లెక్క కాదు. కట్టేస్తే ఒప్పుకున్నట్టవుతుందని కట్టలేదు. కేసు 12 మంది జడ్జీల ముందుకెళ్లింది. 1638లో ఏడుగురు రాజు వైపు, ఐదుగురు హాంప్‌డెన్ వైపు తేల్చారు. కోర్టులో గెలిచింది రాజే. కానీ ఆయన నియమించిన జడ్జీల్లోనే ఐదుగురు అటు వెళ్లారన్న మాట ఊరూరా పాకింది.

అయినా సరే, ఓడ పన్ను ఒక్కదాని వల్ల తిరుగుబాటు రాలేదు. మొదటి ఏళ్లలో జనం తిట్టుకుంటూనే దాదాపు మొత్తం కట్టారు. విదేశీ యుద్ధాల జోలికి పోకుండా ఉన్నంతకాలం చార్లెస్ బండి అలా నడిచేదే. దాన్ని బోర్లా పడేసింది స్కాట్లండ్.

అక్కడా ఆయనే రాజు, కానీ రాజ్యం వేరు, చర్చి వేరు. ఇంగ్లండ్ చర్చి పెద్ద ఆర్చ్‌బిషప్ విలియమ్ లాడ్ పద్ధతులకు దగ్గరగా ఉన్న కొత్త ప్రార్థన పుస్తకాన్ని చార్లెస్ ఎవర్నీ అడక్కుండా స్కాట్ల మీద రుద్దబోయాడు. 1637 జులై 23న ఎడింబరాలో సెయింట్ జైల్స్ చర్చిలో ఆ పుస్తకం చదవడం మొదలెట్టగానే జనం కూర్చున్న పీటలు విసిరేశారు. మరుసటి ఏడు పెద్దలు, పేదలు అంతా తమ చర్చిని కాపాడుకుంటామన్న ఒడంబడిక మీద సంతకాలు పెట్టి సైన్యం కూడగట్టారు. రెండుసార్లు యుద్ధానికి దిగి రెండుసార్లూ చార్లెస్ భంగపడ్డాడు. 1640 ఏప్రిల్‌లో డబ్బు కోసం పార్లమెంటుని పిలిచి, ముందు మా ఫిర్యాదులు వినమన్నారని మూడు వారాలకే పంపేశాడు. ఆగస్టు నెలాఖరుకల్లా స్కాట్లు సరిహద్దు దాటి న్యూకాజిల్‌లో కూర్చున్నారు. లండన్‌లో పొయ్యిలు వెలగాలంటే బొగ్గు అక్కణ్ణుంచే రావాలి. పైగా, వెళ్లిపోయేదాకా రోజుకి 850 పౌన్లు ఇవ్వాలని రాజుతోనే రాయించుకున్నారు.

రాజు ఎంత ఇబ్బందిలో ఉన్నాడో చెప్పడానికి మన వైపు సరుకుతో ముడిపడిన ఒక సంగతి. అదే 1640లో ఈస్టిండియా కంపెనీ గోదాముల్లో ఉన్న మిరియాలన్నీ అరువు మీద తీసుకుని, 60 వేల పౌన్లకు పైగా విలువైన ఆ సరుకుని నష్టానికి అమ్మి రొక్కం చేసుకున్నాడు. కంపెనీ బాకీ పూర్తిగా తీరనే లేదు.

1640 నవంబరు 3న మళ్లీ పార్లమెంటు కూర్చుంది. ఈసారి పంపేస్తే స్కాట్లకి డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తాడు? అందుకే రాజు ఏం అడిగినా ఒప్పుకుంటూ వచ్చాడు. మూడేళ్లకోసారి పార్లమెంటు పిలిచి తీరాలన్న చట్టం, పార్లమెంటే ఒప్పుకోకుండా దాన్ని రాజు రద్దు చెయ్యకూడదన్న చట్టం, ఓడ పన్ను రద్దు, రాజు సలహాదారులు నడిపే స్టార్ చాంబర్ కోర్టు రద్దు, అన్నీ 1641 ఆగస్టుకల్లా అయిపోయాయి. మా క్లాసులో ఆ అమ్మాయి అన్నది అక్షరాలా నిజం. పన్నుల తగువులో పార్లమెంటు ఒక్క చుక్క రక్తం పడకుండా గెలిచేసింది. కాబట్టి "పన్నుల వల్ల యుద్ధం వచ్చింది" అని రాస్తే కథ సగంలో ఆపేసినట్టు. డబ్బు లేక రాజు పార్లమెంటుని పిలవాల్సి వచ్చింది, అంతవరకే.

మరి యుద్ధం? నేను తేల్చుకున్నది ఇది. రాజు సంతకానికి విలువ లేదన్న అనుమానం అందరిలో పాతుకుపోయాక, "కత్తి ఎవరి చేతిలో ఉండాలి" అన్న ప్రశ్న వచ్చిపడింది. ఆ ప్రశ్నకి సర్దుబాటు లేదు. పన్నయితే బేరమాడుకోవచ్చు, సగం తగ్గించుకోవచ్చు. సైన్యం మీద అధికారాన్ని చెరిసగం పంచుకోలేరు.

అనుమానం ఎలా పెరిగిందో చూడండి. హక్కుల విన్నపం మాట ముందే చెప్పాను. 1641 వసంతంలో రాజు ముఖ్య సలహాదారు స్ట్రాఫర్డ్ ప్రభువు మీద విచారణ జరుగుతోంది. నీ ప్రాణానికీ పరువుకీ హాని రానివ్వనని రాజు ఆయనకి స్వయంగా ఉత్తరం రాశాడు. అదే సమయంలో, ఉత్తరాన ఉన్న సైన్యాన్ని లండన్ మీదికి తెచ్చి పార్లమెంటుని బెదిరించాలని కొందరు అధికారులు పన్నిన కుట్ర బయటపడింది. రాజుకి అది తెలుసు. జనం వీధుల్లోకొచ్చారు. రాజు భయపడి మే 10న స్ట్రాఫర్డ్ మరణశాసనానికి ఒప్పుకున్నాడు, 12న టవర్ హిల్ మీద తల తీశారు. అంటే ఆ నెలలో రాజు తన మాట తప్పి తన మనిషినే పోగొట్టుకున్నాడు. ఎదుటివాళ్లకేమో ఈయన పైకి సంతకాలు పెడుతూ వెనకాల సైన్యం కోసం చూస్తున్నాడని తెలిసిపోయింది. ఆ సంతకం చేసినందుకు ఆయన చనిపోయేదాకా కుమిలిపోయాడు. తన చావు కూడా దానికి దేవుడు వేసిన శిక్షే అన్నట్టు చివరి నిమిషంలో మాట్లాడాడు.

ఈ స్థితిలో 1641 అక్టోబరులో, చార్లెస్ పాలన కిందే ఉన్న ఐర్లండ్‌లో క్యాథలిక్కుల తిరుగుబాటు మొదలైంది. వేల మంది ప్రొటెస్టంట్లు చనిపోయారు. లండన్‌కి చేరేసరికి ఆ వేలు లక్షలై పుకార్లుగా తిరిగాయి. వెంటనే సైన్యం పంపాలి, ఇందులో రెండో మాట లేదు. ఆ సైన్యాన్ని నడిపేదెవరు? అనాదిగా అది రాజు హక్కు. కానీ ఆ సైన్యం ఐర్లండ్ వెళ్లకుండా పార్లమెంటు కూర్చునే వెస్ట్‌మినిస్టర్‌కి వస్తే? కామన్స్ సభని నడిపిస్తున్న జాన్ పిమ్‌కి నిద్ర పట్టనివ్వని టెన్షన్ అదే. ఆయన రాజు తప్పులన్నీ 200కి పైగా అంశాలుగా ఒక పెద్ద ఫిర్యాదు పత్రం రాయించాడు. నవంబరు 22న మధ్యాహ్నం మొదలైన చర్చ అర్ధరాత్రి దాటింది. ఓట్లు 159, 148. పదకొండే తేడా. దాన్ని అచ్చు వేయించి జనానికి పంచాలా వద్దా అన్న దగ్గర సభ్యులు కత్తుల మీద చెయ్యి వేశారు. ఈ తీర్మానం ఓడిపోయి ఉంటే ఉన్నదంతా అమ్ముకుని దేశం వదిలి వెళ్లిపోయేవాణ్ణని కేంబ్రిడ్జ్ సభ్యుడు ఆలివర్ క్రామ్‌వెల్ ఆ రాత్రి అన్నట్టు చెబుతారు. అప్పటికాయన పెద్దగా పేరున్న మనిషి కాదు.

ఆ 148 మంది గురించి ఒక్క మాట. పుస్తకాలు వీళ్లని వదిలేస్తాయి. 1640లో రాజు దాదాపు ఒంటరి. 1641 చివరికి సభలో సగం మంది ఆయన వైపు ఎలా వచ్చారు? ఎడ్వర్డ్ హైడ్ లాంటివాళ్లు ఓడ పన్నుని గట్టిగా వ్యతిరేకించినవాళ్లే. కానీ పిమ్ మనుషులు బిషప్పుల్ని వేళ్లతో సహా పెకలించాలన్నారు. చర్చిల్లో కటకటాలు విరగ్గొడుతున్నారు, రంగుటద్దాల కిటికీలు పగలగొడుతున్నారు, వీధుల్లో మూకలు తిరుగుతున్నాయి. ఇవాళ బిషప్పు పోతే రేపు భూస్వామి పోడా అన్న భయం పట్టుకుంది. మీరడిగిన మతం ఇక్కడ వస్తుంది. ఎవరు ఎటు నిలబడ్డారన్నది పన్నుల్ని బట్టి చెప్పలేం. చర్చి ఎలా ఉండాలని కోరుకున్నారన్నదాన్ని బట్టి చాలావరకు చెప్పొచ్చు.

1642 జనవరి 4న చార్లెస్ కోలుకోలేని తప్పు చేశాడు. పిమ్, హాంప్‌డెన్, హోల్స్, హేసెల్‌రిగ్, స్ట్రోడ్ అనే ఐదుగురు సభ్యుల్ని రాజద్రోహం కింద పట్టుకోడానికి వందలమంది సాయుధుల్ని వెంటబెట్టుకుని స్వయంగా కామన్స్ సభకి వచ్చాడు. సిపాయిల్ని గుమ్మం బయట నిలబెట్టాడు, తలుపు మాత్రం తెరిచే ఉంచారు, లోపలివాళ్లకి కనబడాలని. స్పీకర్ కుర్చీ దగ్గరికెళ్లి, వాళ్లు ఎక్కడ అని అడిగాడు. స్పీకర్ విలియమ్ లెంథాల్ మోకాళ్ల మీద కూర్చుని, ఈ సభ ఆజ్ఞాపిస్తే తప్ప ఇక్కడ చూడటానికి నాకు కళ్లు లేవు, చెప్పడానికి నాలుక లేదు అన్నాడు. అంతకుముందు ఆయన ధైర్యానికి పేరుపడినవాడు కాదు. పదమూడేళ్ల కింద కుర్చీలో అదిమిపెడితే ఏడ్చిన స్పీకర్ రాజు మనిషి; ఈయన రాజు ఎదుటే సభ మనిషినన్నాడు. ముందే కబురందిన ఐదుగురూ పడవెక్కి పోయారు. "పిట్టలన్నీ ఎగిరిపోయాయి" అని రాజు వెనుదిరిగాడు. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఇంగ్లండ్ రాజు గానీ రాణి గానీ సభ జరుగుతుండగా కామన్స్ గడప తొక్కలేదు. కొత్త సమావేశం మొదలుపెట్టడానికి రాజు దూత వస్తే మొహం మీదే తలుపు మూసి, ఆయన మూడుసార్లు తడితే అప్పుడు తెరుస్తారు.

వారం తిరక్కుండానే రాజు లండన్ వదిలేశాడు. మళ్లీ ఖైదీగానే వచ్చాడు. ఆయుధశాల ఉన్న హల్ పట్నానికి ఏప్రిల్‌లో వెళ్తే అక్కడి అధికారి సర్ జాన్ హోథమ్ తలుపులు తియ్యలేదు. స్థానిక దళాలు మా మాట వినాలని పార్లమెంటు, నా మాట వినాలని రాజు, ఒకే జిల్లాకి రెండు రకాల ఆజ్ఞలు పంపారు. 1642 ఆగస్టు 22న నాటింగ్‌హామ్‌లో చార్లెస్ యుద్ధధ్వజం ఎత్తాడు.

ఆ ధ్వజం మోసిన మనిషి సర్ ఎడ్మండ్ వెర్నీ. ఈ యుద్ధం అర్థమవ్వాలంటే నేను పిల్లలకి ఈయన కథే చెప్పేవాణ్ణి. రాజు అడుగుతున్నదాంట్లో న్యాయం ఉందని వెర్నీకి అనిపించలేదు. అడిగింది ఇచ్చేసి రాజీ పడితే బాగుండునని ఆయన కోరిక. "ఆయన తిండి తిన్నాను, ముప్పై ఏళ్ల దగ్గర కొలువు చేశాను. ఇప్పుడు వదిలేసి పోయేంత నీచపు పని చెయ్యలేను. ఏ బిషప్పుల కోసం ఈ తగువు నడుస్తోందో వాళ్ల మీద మాత్రం నాకు భక్తి లేదు" అని హైడ్‌తో అన్నాడు. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యకూడదన్న మాట మనకి వేరే చెప్పక్కర్లేదు. ఆయన పెద్దకొడుకు రాల్ఫ్ పార్లమెంటు సభ్యుడు, పార్లమెంటు వైపే నిలిచాడు. అక్టోబరు 23న ఎడ్జ్‌హిల్ దగ్గర జరిగిన మొదటి పెద్ద యుద్ధంలో ఎడ్మండ్ ధ్వజం వదలకుండా చనిపోయాడు. శవం దొరకలేదు. రాల్ఫ్ మరుసటి ఏడాది, స్కాట్లతో పొత్తు కోసం పార్లమెంటు అడిగిన మత ప్రమాణం చెయ్యలేక ఫ్రాన్స్ వెళ్లిపోయాడు. తండ్రి నమ్మని పక్షం కోసం చచ్చాడు, కొడుకు నమ్మిన పక్షంలో ఉండలేకపోయాడు.

పార్లమెంటు కూడా రాజు మీద యుద్ధం చేస్తున్నామని ఒప్పుకోలేదు. సైన్యాన్ని "రాజు, పార్లమెంటు" పేరు మీదే పోగు చేసింది. దుష్ట సలహాదారుల చేతుల్లోంచి రాజుని విడిపిస్తున్నామంది. 1644 చివర్లో పార్లమెంటు సేనాని మాంచెస్టర్ ప్రభువు తమ సైన్యాధికారుల సమావేశంలో, "మనం రాజుని తొంభైతొమ్మిది సార్లు ఓడించినా ఆయన రాజే. ఆయన మనల్ని ఒక్కసారి ఓడిస్తే మనందరికీ ఉరే" అన్నాడు. "అదే నిజమైతే అసలు ఆయుధాలు ఎందుకు పట్టాం?" అని క్రామ్‌వెల్ అడిగాడు.

యుద్ధాల వరస పరీక్షకి మీరు ఎలాగూ బట్టీ పడతారు: 1644 జులై 2న మార్‌స్టన్ మూర్, 1645 జూన్ 14న నేజ్‌బీ. పార్లమెంటు ఎందుకు గెలిచిందో మాత్రం పట్టుకోండి. లండన్ వాళ్ల చేతిలో ఉంది, ఓడరేవులు, నౌకాదళం ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం, పన్ను వెయ్యగలిగింది. ఓడ పన్ను అన్యాయమని మొదలైనవాళ్లు 1643లో బీరు మీద, తర్వాత మాంసం మీద, ఉప్పు మీద సుంకం వేశారు, భూముల మీద వారం వారం వసూలు పెట్టారు. చార్లెస్ కలలో కూడా అనుకోనంత డబ్బు ఆ పన్నుల్లో వచ్చింది. దాంతోనే 22 వేల మందితో నూతన సైన్యం 1645లో తయారైంది. ఫెయిర్‌ఫాక్స్ సేనాపతి, క్రామ్‌వెల్ అశ్వదళ నాయకుడు. నేజ్‌బీలో రాజు ఉత్తరాల పెట్టె దొరికింది. ఐర్లండ్ నుంచీ ఇతర దేశాల నుంచీ క్యాథలిక్ సైన్యాల్ని తెప్పించుకోవాలని ఆయన చేసిన ప్రయత్నాలు అందులో ఉన్నాయి. పార్లమెంటు వాటిని అచ్చు వేయించి ఊరంతా పంచింది. ఈయన్ని నమ్మకూడదన్న మాటకి ఇక సాక్ష్యం ఆయన చేతిరాతే.

1646లో రాజు లొంగిపోయాక కూడా ఆయన్ని రాజుగానే ఉంచాలని దాదాపు అందరూ అనుకున్నారు. చార్లెస్ మళ్లీ పాత పనే చేశాడు. పార్లమెంటుతో ఒక మాట, సైన్యంతో ఒక మాట, స్కాట్లతో రహస్య ఒప్పందం. 1648లో రెండో యుద్ధం తెచ్చిపెట్టాడు. సిపాయిల సహనం చచ్చిపోయింది అక్కడే. మొదటి యుద్ధంలో చచ్చినవాళ్ల లెక్క దేవుడికి వదిలేశాం, రెండోసారి రక్తం పారించినవాడు జవాబు చెప్పాలి అన్నారు. పార్లమెంటు అప్పటికీ రాజుతో బేరాలాడుతూనే ఉంది. 1648 డిసెంబరు 6న కర్నల్ ప్రైడ్ సిపాయిలతో సభ మెట్ల మీద నిలబడి, చేతిలో జాబితా పెట్టుకుని, ఇష్టంలేని సభ్యుల్ని లోపలికి పోనివ్వలేదు. ఆరేళ్ల కింద రాజు ఐదుగురి కోసం వచ్చి చెయ్యలేకపోయినదాన్ని ఈ కర్నలు నూటికి పైగా సభ్యులకు చేశాడు. రాజుని విచారించింది ఆ మిగిలిన ముక్క పార్లమెంటే. 135 మందిని న్యాయమూర్తులుగా ప్రకటిస్తే మరణశాసనం మీద సంతకాలు పెట్టింది 59 మంది. ఏ అధికారంతో నన్ను విచారిస్తున్నారని చార్లెస్ అడుగుతూనే ఉన్నాడు. అన్నాళ్లూ బాధపెట్టిన ఆ నత్తి కోర్టులో ఆయనకి రాలేదని చూసినవాళ్లు చెప్పారు.

మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు నేను లండన్ వైట్‌హాల్‌లో బాంక్వెటింగ్ హౌస్ అనే పాత రాజభవనపు మందిరం చూశాను. తల ఎత్తితే పైకప్పంతా రూబెన్స్ చిత్రాలు. చార్లెస్ తన తండ్రి జేమ్స్ దేవుడిలా స్వర్గానికి ఎక్కుతున్నట్టు వేయించుకున్నవి. 1649 జనవరి 30న ఆయన ఆ చిత్రాల కిందనుంచే నడిచి బయట కట్టిన వేదిక మీదికి వెళ్లాడు. చలికి వణికితే భయపడ్డానని జనం అనుకుంటారని ఆ పొద్దున రెండు చొక్కాలు తొడుక్కున్నాడు. గొడ్డలి పడగానే గుంపులోంచి చప్పట్లు రాలేదు, ఒక మూలుగు వచ్చింది.

ఇక క్రామ్‌వెల్. గొప్ప సేనాని, మతంలో తనతో విభేదించే ప్రొటెస్టంట్లని సహించిన మనిషి, అది నిజం. ప్రజాస్వామ్య వీరుడు అని మాత్రం నేను రాయను, మీరూ రాయొద్దు. 1649లో ఐర్లండ్‌లో ద్రోహెడా, వెక్స్‌ఫర్డ్ పట్నాల్లో ఆయన సైన్యం చేసిన ఊచకోత ఐరిష్ వాళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు. 1653 ఏప్రిల్‌లో ఆ మిగిలిన పార్లమెంటుని కూడా సిపాయిల్ని పిలిచి తరిమేశాడు. రాజు చేతిలోంచి తీసిన కత్తి పార్లమెంటు చేతికి రాలేదు, సేనాపతి చేతికి పోయింది. రాజ్యం మళ్లీ రాజుకే ఇచ్చేద్దామని జనం 1660లో అనుకోవడానికి పెద్ద కారణం అదే. కత్తి సమస్యకి నిలకడైన జవాబు 1689లో దొరికింది: శాంతికాలంలో పార్లమెంటు ఒప్పుకోకుండా సైన్యం ఉండకూడదు, ఆ ఒప్పుదల ఎప్పటికప్పుడు మళ్లీ తీసుకోవాలి.

పరీక్షలో మన రాజ్యాంగంతో కలిపి రాయాలంటే నిజమైన లంకెలే ఉన్నాయి. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ వెయ్యకూడదన్న 265వ అధికరణ, అరెస్టు చేస్తే కారణం చెప్పాలన్న 22వ అధికరణ, రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదన్న 85వ అధికరణ. ఈ మూడింటి వెనక ఉన్న తగువులు మీరు పైన చదివినవే. మన తీరానికి కూడా ఈ సెగ తగిలింది. మచిలీపట్నంలో చాలా ఏళ్లు కంపెనీ కొలువు చేసిన ఎడ్వర్డ్ వింటర్ 1665లో మద్రాసు కోటలో తన స్థానంలోకి వచ్చిన జార్జ్ ఫాక్స్‌క్రాఫ్ట్‌ని, రాజుకి వ్యతిరేకంగా మాట్లాడాడన్న నెపంతో బంధించి, మూడేళ్ల దాకా కోటని తన గుప్పిట్లో పెట్టుకున్నాడు.

మీరు అడగనిది ఇంకొకటి ఉంది, అది చెప్పకుండా ఆపలేను. 1647 అక్టోబరులో లండన్ పక్కన పట్నీ చర్చిలో సైన్యం తరఫున చర్చలు జరిగాయి. మామూలు సిపాయిల ప్రతినిధులు, అధికారులు ఎదురెదురుగా కూర్చుని ఓటు ఎవరికుండాలని వాదించుకున్నారు. ఇంగ్లండ్‌లో అందరికంటే గొప్పవాడికి ఎంత బతుకుందో అందరికంటే పేదవాడికీ అంతే బతుకుంది, తను ఒప్పుకోని ప్రభుత్వానికి వాడు కట్టుబడక్కర్లేదు అని కర్నల్ రెయిన్‌బరో అన్నాడు. భూమి లేనివాడికి ఓటిస్తే ఆస్తి ఏం మిగులుతుందని క్రామ్‌వెల్ అల్లుడు ఐర్‌టన్ అడ్డం తిరిగాడు. ప్రజాస్వామ్యం మాట ఈ యుద్ధంలో ఎవరైనా ఎత్తారంటే ఈ సిపాయిలూ, లెవెలర్లని పేరుపడిన వాళ్ల స్నేహితులూ. 1649 మేలో వాళ్లలో కొందరు "మేం ఐర్లండ్ వెళ్లం" అని, ముందు మా జీతాలూ మా హక్కులూ తేల్చమని ఎదురుతిరిగారు. క్రామ్‌వెల్, ఫెయిర్‌ఫాక్స్ రాత్రికి రాత్రి బర్‌ఫర్డ్ ఊళ్లో వాళ్ల మీద పడి, మూడొందలకి పైగా సిపాయిల్ని చర్చిలో బంధించారు. ముగ్గుర్ని చర్చి ఆవరణలో గోడకి నిలబెట్టి కాల్చారు. మిగతావాళ్లు చర్చి పైకెక్కి అది చూడాల్సి వచ్చింది.

ఆ చర్చికి కూడా వెళ్లాను. పిల్లలకి బాప్తిస్మం ఇచ్చే రాతి తొట్టి ఉంది, లోపల సీసపు రేకు. బంధించిన ఆ రోజుల్లో ఒక సిపాయి ఆ రేకు మీద మొనతో గీసిన అక్షరాలు ఇంకా ఉన్నాయి, వేలు పెట్టి తడిమితే తెలుస్తాయి. ఆంథొనీ సెడ్లీ, 1649, ఖైదీ. ఖైదీ అన్న ఇంగ్లిషు మాటలో ఒక అక్షరం తప్పిపోయింది. ఏడేళ్లు పార్లమెంటు కోసం జరిగిన యుద్ధంలో, పార్లమెంటు సైన్యం సిపాయి, పార్లమెంటు సైన్యానికే ఖైదీ.